సాయంత్రం ఏడు దాటితే బుర్ర కదలడం లేదు: కథ రాసే ఓపిక ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

మేతబస్తా (భీమవరం) · రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నేను రొయ్యల మేత అమ్మే దుకాణంలో లెక్కలు చూస్తాను. ఉదయం తొమ్మిదికి వెళ్తే తిరిగి వచ్చేసరికి సాయంత్రం ఆరున్నర దాటుతుంది. స్నానం, భోజనం ముగిశాక రెండు గంటలు నావే. కాబట్టి సమయం లేదని ఎవరినీ తిట్టుకోలేను. ఆ రెండు గంటల్లో కథ రాద్దామని కూర్చుంటే ఒక వాక్యం రాస్తాను, దాన్నే అటూ ఇటూ తిప్పి రాస్తాను, కాసేపటికి చేయి ఫోను మీదికి పోతుంది. ఆదివారం అదే బల్ల ముందు, అదే కథకు పేజీలకు పేజీలు వస్తాయి.

దుకాణంలో నేను బస్తాలు మోయను. కుర్చీలోంచి లేచేదే తక్కువ. కాని రోజంతా ఫోన్లు. చెరువులో రొయ్యల పట్టుబడి అయ్యాక డబ్బిస్తాను, పది బస్తాలు అప్పు పంపమని ఒకరు. నలభై కౌంటు (కిలోకు నలభై తూగే రొయ్య) ధర ఈ రోజు ఎంత పలికిందని ఇంకొకరు. రొయ్యలు మేత ముట్టడం లేదు, మీ సరుకులోనే ఏదో ఉందని మరొకరు. ప్రతిదానికీ అవుననో కాదనో నేనే చెప్పాలి.

కాలువ చివర ఉండే శివారు భూముల సంగతి మన జిల్లాల్లో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఎగువ వాళ్లందరూ తడుపుకున్నాక మిగిలితే దిగువకు నీరు. నా కథ అలా శివారు చేనైపోయింది. దారి చెప్పండి. తెల్లవారుజామున నాలుగింటికి లేవమని మాత్రం అనకండి. ఏడాది నిండని పాప ఉంది, ఆ వేళ పూర్తిగా ఆమెది.

బ్రాహ్మీముహూర్తం (తణుకు) · ఉదయం 4:25

వద్దన్నా చెబుతున్నాను. నాలుగింటికి లేవండి. నా పద్యాలన్నీ ఆ వేళ పుట్టినవే. పాప కోసం ఎలాగూ లేస్తారు కదా, ఒళ్లో పడుకోబెట్టుకుని రాయండి.

దారపుండ (నరసాపురం) · ఉదయం 6:50

పెద్దాయన గారూ, ఏడాది నిండని బిడ్డను ఒళ్లో పెట్టుకుని మీరు ఒక్క పద్యమైనా పూర్తి చేశారా? ఈ చర్చలో నేను చెప్పాల్సింది చాలా ఉంది. ఇప్పుడు క్యారేజీలు కట్టాలి, సాయంత్రం రాస్తాను.

కొబ్బరితోట (అమలాపురం) · మధ్యాహ్నం 12:10

నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ముహూర్తాలు ఉన్నన్నాళ్లూ తలంబ్రాలు, అప్పగింతలు తప్ప వేరే ఆలోచన ఉండదు. ఆషాఢం వస్తే సొంత లఘుచిత్రాలకు స్క్రిప్టు రాసుకుంటాను, అదీ రాత్రి పదకొండు దాటాకే. ఉదయం పూట నా చేత ఒక్క ముక్క రాయించలేరు. కనుక వేళ అనేది మనిషిని బట్టి.

ఇంకో మాట. సంకల్పబలం వాడిన కొద్దీ అరుగుతుందని, కాస్త తీపి తింటే మళ్లీ వస్తుందని ఎక్కడో చదివాను. మీకు ఆత్రేయపురం ఎంత దూరం? ఒక పూతరేకు తిని కూర్చోండి.

మనసు మాస్టారు (రాజమహేంద్రవరం) · మధ్యాహ్నం 2:35

పూతరేకు తినడానికి కారణాలు వెతకనక్కరలేదు కాని, ఈ కారణం మాత్రం గట్టిది కాదు. నేను కళాశాలలో మనస్తత్వశాస్త్రం చెబుతాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

1998లో రాయ్ బౌమైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఒక ప్రయోగం చేసింది. ఎదురుగా చాక్లెట్లు పెట్టి, వాటిని ముట్టకుండా ముల్లంగి ముక్కలే తినాలన్నారు. అలా తమను తాము అదుపు చేసుకున్నవారు ఆ తర్వాత ఇచ్చిన చిక్కు లెక్కను త్వరగా వదిలేశారు. సంకల్పబలం అరిగిపోతుందన్న మాటకు అది పునాది అయింది. తీపితో తిరిగి వస్తుందన్నది తర్వాత చేరింది. 2016లో 23 ప్రయోగశాలలు కలిసి, 2,000 మందికి పైగా మనుషులతో ఆ భావనను మళ్లీ పరీక్షిస్తే కనిపించిన ప్రభావం దాదాపు సున్నా. మెదడు శరీర బరువులో 2 శాతమే అయినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం వాడే శక్తిలో 20 శాతం దాకా తీసుకుంటుంది. అయితే కష్టమైన ఆలోచన చేసినంత మాత్రాన ఆ వాటా పెద్దగా పెరగదు. కాబట్టి సాయంత్రానికి ఇంధనం అయిపోయిందన్న లెక్క కుదరదు.

అలాగని అలసట అబద్ధం కాదు. 2022లో పారిస్‌లో కొందరి చేత ఆరు గంటలకు పైగా బుర్రకు పనిపెట్టే పరీక్షలు చేయించారు. ఇంకొందరికి అదే వ్యవధిలో తేలిక పరీక్షలు ఇచ్చారు. కష్టమైనవి చేసినవారిలో, నిర్ణయాలను అదుపు చేసే మెదడు ముందు భాగంలో గ్లూటమేట్ అనే రసాయనం ఎక్కువ పేరుకున్నట్టు స్కానింగులో తేలింది. వాళ్లు చివరికి తక్కువైనా సరే, వెంటనే, శ్రమ లేకుండా దొరికే ప్రతిఫలం వైపు మొగ్గారు. ఒక్క అధ్యయనంతో అంతా తేలిపోయిందని అనను కాని, మేతబస్తా గారి చేయి ఫోను మీదికి పోవడం నాకు అక్కడ కనిపించింది.

వారి విషయంలో అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఒక పని ముగియకుండా మరో పనికి మారితే మన దృష్టిలో కొంత పాత పని దగ్గరే చిక్కుకుని ఉంటుందని సోఫీ లెరోయ్ 2009లో చూపించారు. అప్పు అడిగిన రైతుకు 'రేపు చెబుతాను' అని ఫోను పెట్టేశారనుకోండి, ఆ రైతు మీతో పాటు ఇంటికి వస్తాడు, భోజనానికి కూర్చుంటాడు, కథలోకి కూడా దూరతాడు. దీనికి విరుగుడు కూడా పరిశోధనలోనే ఉంది. మిగిలిన పనిని పూర్తి చేయకపోయినా, ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తామో కచ్చితంగా నిర్ణయించుకుంటే అది మనసును పీకడం మానేస్తుందని మాసికాంపో, బౌమైస్టర్ 2011లో తేల్చారు. (అవును, ఆ బౌమైస్టరే. ఆయన చెప్పినవన్నీ వీగిపోలేదు.) దుకాణం వదిలే ముందు తేలని విషయాలను ఒక చీటీ మీద రాయండి. 'ఫలానా రైతు అప్పు' అని రాస్తే చాలదు. 'రేపు పది గంటలకు పాత బాకీ చూసి, ఆయనకు నేనే ఫోను చేస్తాను' అని రాయాలి.

సాయంత్రం టీ ఎన్నింటికి తాగుతారో కూడా చెప్పండి. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. నిద్ర చెడితే పై సలహాలన్నీ దండగ.

దారపుండ (నరసాపురం) · సాయంత్రం 5:15

మాస్టారు గారు చదువు చెప్పారు, నేను పని చెబుతాను. మా ఊరి లేసు అల్లిక స్కాట్లండ్ మిషనరీలు వచ్చిన కాలం నాటిది. 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అల్లేవాళ్లలో దాదాపు అందరూ ఇళ్లలో ఉండే ఆడవాళ్లే. విడి ముక్కలు అల్లే చేతిపని ఒకరిది, వాటిని కలిపే అతుకుపని ఇంకొకరిది. నేను రెండూ చేశాను, ఇప్పుడు కొత్త నమూనాలు తీస్తున్నాను.

నమూనా తీయడం, అల్లడం ఒకే జాతి పనులు కావు. అల్లేటప్పుడు పక్కింటావిడతో మాట్లాడవచ్చు, పొయ్యి మీద కూర చూసుకోవచ్చు, సూది దాని దారిన అది పోతుంది. కొత్త నమూనాకు అలా కుదరదు. గొలుసు కుట్లు ఎన్ని వేయాలి, మూల ఎక్కడ తిరగాలి, రెండో వరసలో పువ్వు మొదటి వరస పువ్వు మీద కూర్చుంటుందా లేదా, ఇవి తేల్చేటప్పుడు 'అమ్మా' అని ఒక్క పిలుపు వచ్చినా మళ్లీ మొదటికే. అందుకే పిల్లలు బడికి వెళ్లాక తలుపు వేసుకుని ఒక ముక్క మాత్రం తేల్చుకుంటాను. ఆ ముక్క అట్టకు గుచ్చి ఎదురుగా పెట్టుకుంటే మిగతా రోజంతా అలసట వచ్చినా చేతులు ఆగవు.

మేతబస్తా గారూ, మీరు రాత్రి పూట నమూనా తీస్తూ అదే చేత్తో అల్లుదామని చూస్తున్నారు. వాక్యాన్ని అటూ ఇటూ తిప్పడం అంటే అదే కదా? తర్వాత ఏం జరగాలో తేలక, ఉన్న వాక్యం మీద తచ్చాడుతున్నారు. ఆదివారం మీకు రాత బాగా సాగిన వేళ, చివరి అరగంట రాయడం ఆపి, వచ్చే వారం రాయాల్సిన ఘట్టాలు తేల్చుకోండి. ఎవరు గదిలోకి వస్తారు, ఏమి దాస్తారు, ఎవరికి కోపం వస్తుంది, అంతే. వారం మధ్యలో వాటికి మాటలు పొదగండి. పేలవంగా ఉంటే ఉండనివ్వండి, దిద్దడం మళ్లీ ఆదివారం పని.

ఇంకొకటి అడగాలి. ఆ రెండు గంటలు 'నావే' అన్నారు. ఆ రెండు గంటలూ పాప ఎవరి దగ్గర ఉంటుందో రాయలేదు.

గోదారిగట్టు (కొవ్వూరు) · సాయంత్రం 6:02

శివారు, కాలువ అనగానే ఆగలేకపోతున్నాను. నీరు ఎర్రబడింది. పులస ఎవరికైనా కంటపడిందా?

నిర్వాహకులు · సాయంత్రం 6:20

పులసకు వేరే చర్చ నడుస్తోంది. అక్కడికి వెళ్లి ధర విని రండి, ఇక్కడ ఇక ఎత్తవద్దు.

పాత లాకులు (ధవళేశ్వరం) · రాత్రి 8:10

నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. కథలు రాయడం నాకు తెలియదు. శివారు అన్నారు కాబట్టి ఆ భాగం వరకు మాట్లాడతాను, ఎందుకంటే మీరు పోలిక చెప్పి సగంలో వదిలేశారు.

1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర ఇక్కడ గోదావరి మీద ఆనకట్ట పూర్తి చేశాడు. ఇప్పుడున్న బ్యారేజీ దాని తర్వాత కట్టింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ కలిపి సుమారు పది లక్షల ఎకరాలు దీని కింద తడుస్తాయి. సార్వాలో, అంటే వానాకాలం పంటకు, నదికి వరద ఉంటుంది, నీటికి కరువు లేదు. చిక్కంతా దాళ్వాలో, అంటే రెండో పంటకు. నీరు తక్కువైన ఏడాది శివారు రైతు రోడ్డెక్కుతాడు, ఇంకా నీరు వదలమంటాడు. ఉంటే కదా వదలడానికి. అప్పుడు మేము చేసేది వంతులు పెట్టడం. ఎగువ తూములు కొన్ని రోజులు మూసేస్తాం. కాలువలో పారే నీరు అంతకు ముందున్నదే, కాని ఆ రోజుల్లో అది శివారు దాకా నిండుగా వెళ్తుంది. తర్వాత ఎగువ వారి వంతు.

మీరు రోజూ చివర మిగిలిన తడితో చేను పండించాలని చూస్తున్నారు. రోజూ వద్దు. వారంలో రెండు రోజులు ఎంచుకుని, ఆ రెండు రోజులూ కథకే మొదటి నీరు పెట్టండి. దుకాణానికి వెళ్లే ముందు కుదురుతుందో, మధ్యాహ్నమో, మీరే చూసుకోవాలి. మిగిలిన రోజుల్లో అసలు రాయవద్దు. రాయలేదని బాధపడవద్దు కూడా, అది మీ వంతు కాదు.

ఒక హెచ్చరిక. వంతులు కాగితం మీద పెట్టడం తేలిక. రాత్రి వేళ ఎగువ రైతు వచ్చి తూము తలుపు ఎత్తేస్తాడు. అందుకే లస్కర్లు కాపలా తిరుగుతారు. మీ ఫోనుకు లస్కరు ఎవరో ముందే తేల్చుకోండి.

మేతబస్తా (భీమవరం) · రాత్రి 10:15

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. ఒక్కొక్కరికి చెబుతాను.

మాస్టారు గారూ, టీ ఆరు గంటలకు ఒకటి, ఇంటికి వచ్చాక ఒకటి. రెండోది మానేస్తాను. లాకులు గారూ, దుకాణంలో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా ఫోన్లు బాగా తగ్గుతాయి. రాత్రంతా ఏరేటర్లు (చెరువు నీటికి గాలి అందించే యంత్రాలు) చూసుకుంటూ చెరువు గట్టు మీద ఉన్న రైతులు ఆ వేళ కునుకు తీస్తారు. మంగళ, శుక్రవారాలు ఆ గంటన్నర తీసుకోవచ్చు. యజమానికి అభ్యంతరం ఉండదు.

దారపుండ గారూ, మీ ప్రశ్న సరైనదే. ఆ రెండు గంటలూ పాప మా ఆవిడ దగ్గరే ఉంటుంది. ఆమె చక్కగా బొమ్మలు వేసేది. మీ జవాబు ఆమెకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు, ఇంకోసారి చదవమంది.

మనసు మాస్టారు (రాజమహేంద్రవరం) · రాత్రి 10:40

లాకులు గారి వంతు నాకు నచ్చింది కాని, మధ్యాహ్నం ఒంటిగంట గురించి ఒక అభ్యంతరం. ఆ తర్వాత వచ్చే మందకొడితనానికి అన్నాన్ని మాత్రమే తిట్టడం అన్యాయం. భోజనం మానేసినవారిలో కూడా అది కనిపిస్తుంది. శరీర గడియారంలోనే ఆ పల్లం ఉంది, పప్పన్నం దాన్ని ఇంకాస్త లోతు చేస్తుంది. మొదట పదిహేను, ఇరవై నిమిషాలు కళ్లు మూసుకోండి. అంతకు మించితే గాఢ నిద్రలోకి జారి, లేచాక ఇంకా మత్తుగా ఉంటుంది. ఆ తర్వాత రాయండి.

కొబ్బరితోట (అమలాపురం) · రాత్రి 11:30

మాస్టారు గారూ, పూతరేకు విషయంలో ఓడిపోయాను, ఒప్పుకుంటాను. కాని ఇది చూడండి. 2011లో వీత్, జాక్స్ అనే ఇద్దరు, పొద్దున చురుగ్గా ఉండేవాళ్లకు సాయంత్రమూ, రాత్రి చురుగ్గా ఉండేవాళ్లకు ఉదయమూ, అంటే వాళ్లకు నప్పని వేళ పరీక్ష పెట్టారు. లెక్క ప్రకారం విప్పాల్సిన ప్రశ్నల్లో తేడా రాలేదు. ఒక్కసారిగా తట్టాల్సిన పొడుపు ప్రశ్నలు మాత్రం నప్పని వేళే ఎక్కువ విప్పారు. బుర్ర కాపలా కాస్త సడలితే దారి తప్పిన ఆలోచన లోపలికి వస్తుందన్నది వాళ్ల వివరణ. అంటే సాయంత్రం బుర్ర పనికిరానిది కాదు, దానికి వేరే పని ఇవ్వాలి.

మా ఇంట్లో కరెంటు పోయిన రాత్రులు మాత్రం ఏ సిద్ధాంతమూ పనిచేయదు. వడగాలుల్లో ఏసీ లేని గదుల్లో పడుకున్న బోస్టన్ విద్యార్థులు మర్నాడు పరీక్షల్లో వెనకబడ్డారని 2018లో వచ్చిన పరిశోధన చెప్పింది. అమలాపురం ఉక్కపోతలో పరీక్ష పెట్టి ఉంటే వాళ్లకు కాగితం కూడా దొరికేది కాదు, చెమటకు తడిసిపోయేది.

మనసు మాస్టారు (రాజమహేంద్రవరం) · ఉదయం 7:05

వీత్, జాక్స్ పరిశోధన నేను చదివాను, మీరు చెప్పింది సరిగానే చెప్పారు. అయితే అందులో ఉన్నవి చిన్న పొడుపు ప్రశ్నలు, నవలలు కావు. సాయంత్రం వేళ పాత్రలకు పేర్లు, ముగింపుకు పిచ్చి ఊహలు, శీర్షికలు తోచినట్టు రాసి పెట్టుకోవచ్చు. వాటిలో ఏది నిలుస్తుందో అప్పుడే తేల్చవద్దు. దారపుండ గారు చెప్పిన ఆదివారం దానికి ఉంది.

బ్రాహ్మీముహూర్తం (తణుకు) · ఉదయం 7:20

మాస్టారు గారూ, మీ ఊళ్లోనే పుట్టిన చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో, ఇరవై ఎనిమిది నిండకుండానే పోయారు. ఆ కాస్త కాలంలో ఎంత చిత్రకళ! గ్లూటమేటు కొలుచుకున్నారా, వంతులు పెట్టుకున్నారా?

మనసు మాస్టారు (రాజమహేంద్రవరం) · ఉదయం 7:45

కొలుచుకోలేదు. కాని మా ఊరి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చేతిలోని కళను గుర్తించి, బొంబాయి జేజే కళాశాలకు పంపడానికి అండగా నిలిచారు. ఆ వయసులో ఆయనను పది బస్తాలు అప్పు అడిగేవారు ఉండి ఉంటే ఎన్ని బొమ్మలు వచ్చేవో మనకు తెలియదు.

పంటురేవు (సఖినేటిపల్లి) · ఉదయం 9:10

బడి పిల్లలకు నాటికలు రాసే ఉపాధ్యాయుణ్ని. నరసాపురంలో ఇల్లు, ఇటు బడి. రోజూ గోదావరి పాయ వశిష్ఠ దాటాలి. పంటు (మనుషుల్ని, బండ్లను నది దాటించే పడవ) ఎక్కాక చేయడానికి ఏమీ ఉండదు, నా నాటికల్లో సంభాషణలు సగం అక్కడే తట్టాయి. ఫోను సంచిలోంచి తీయను, అదొక్కటే నియమం. వరద వచ్చి పంటు ఆపేసినప్పుడు చించినాడ వంతెన మీదుగా బస్సులో చుట్టూ తిరిగి వెళ్తాను. బస్సులో పాటల మోత, ఒక్క మాటా తట్టదు. నడుస్తున్నప్పుడు కొత్త ఊహలు ఎక్కువగా వస్తాయని స్టాన్‌ఫర్డ్‌లో 2014లో తేల్చారట. నాకు రేవు నుంచి బడి దాకా నడక కూడా ఉంది. మేతబస్తా గారు ఇంటికి బండి మీద వెళ్తారా, నడిచి వెళ్తారా?

దారపుండ (నరసాపురం) · మధ్యాహ్నం 3:30

పంటురేవు మాస్టారు గారూ, మా లేసు ఆడవాళ్లకు పంటు లేదు, రేవు లేదు, ఇంట్లోంచి ఇంట్లోకే ప్రయాణం. ఖాళీగా చేతులు పెట్టుకుని కూర్చుంటే కూలి తెగుతుంది. ముక్కకు ఇంత అని ఇస్తారు, గంటకు కాదు. తీరికను పనికి కావలసిన సామానుగా లెక్కగట్టేవాళ్లు ఇంకా రాలేదు. ఇది మీ మీద కోపంతో అనడం లేదు. బుర్రను ఎలా కాపాడుకోవాలో చెప్పే ప్రతి సలహాలోనూ ఎవరో ఒకరు తలుపు బయట నిలబడి పిల్లను ఎత్తుకుని ఉంటారు. ఆ మనిషి వంతు కూడా రాయండి అంటున్నాను.

మేతబస్తా గారూ, మీ ఆవిడ బొమ్మలు వేసేదని రాశారు. 'వేసేది' అన్నారు.

మేతబస్తా (భీమవరం) · రాత్రి 9:50

ఈ రోజు ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. సోమ, గురువారాలు రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా పాప నా దగ్గర. ఆ రెండు గంటలూ ఆమెవి, తలుపు వేసుకుంటుంది. బుధవారం రాత్రి నాకు, తోచిన ఊహలు రాసుకోవడానికి మాత్రమే. మంగళ, శుక్రవారాల మధ్యాహ్నాలు అసలు రాత. ఆదివారం ఉదయం నాది, సాయంత్రం ఆమెది. ఫోనుకు లస్కరు కూడా ఆమెనే. నాకు ఆమె, ఆమెకు నేను.

దుకాణంలో కూడా ఒక మార్పు చేశాం. అప్పు అడిగిన ప్రతిసారీ నేను తల పట్టుకోవడం ఎందుకని యజమానితో మాట్లాడి, పోయిన పట్టుబడి బాకీ తీరిస్తేనే కొత్త అప్పు, ఇన్ని ఎకరాల చెరువుకు ఇన్ని బస్తాలకు మించి లేదు అని రాసి గోడకు అంటించాం. కాదనేది ఇక గోడ. పంటురేవు గారూ, నాది బండే. వారంలో రెండు రోజులు వదిలి చూస్తాను.

సాయంత్రం చీటీ మొదలుపెట్టాను. బిల్లు పుస్తకం వెనక అట్ట మీద రాస్తున్నాను. అది చాలా, వేరే పుస్తకం పెట్టాలా?

పాత లాకులు (ధవళేశ్వరం) · రాత్రి 10:05

వేరే పుస్తకం పెట్టండి. బిల్లు పుస్తకం నెలాఖరుకు ఆడిటరు పట్టుకుపోతాడు.